అడవి చెట్ల ఆకుల్లో క్యాన్సర్ కణాలను అణచే పదార్థాల కోసం వెతకడం ఎలా? కొడిశ ఆకుతో అడుగడుగునా

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఒకే ప్రశ్న పది రకాలుగా వస్తుంది. ‘మా వైపు అడవిలో ఫలానా చెట్టుంది, ఆకు తెచ్చి క్యాన్సర్ కణాల మీద వేసి చూడాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?’ అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే ఆకు తెచ్చి, ఎండబెట్టి, పొడి కొట్టేసి ఉంటారు. చిక్కంతా అక్కడే.

ఆకు సారం కణాలను చంపిందని చూపించడం చాలా తేలిక. ఉప్పు ఎక్కువైనా కణాలు చస్తాయి. చంపింది ఆకులోని అసలు పదార్థమా, వగరునిచ్చే టానినా, ఆకుపచ్చ రంగా, ఆరబెట్టేటప్పుడు పట్టిన బూజా అన్నది తేల్చడమే ఈ పనిలో కష్టం. అందుకే ఈ మార్గదర్శిలో వెతకడం కన్నా ఏరి పారేయడం గురించే ఎక్కువ చెప్పాను.

ఇది ఎంఎస్సీ, ఎంఫార్మసీ, పీహెచ్‌డీ మొదటి ఏడాది వాళ్ళ కోసం. ఉదాహరణకు కొడిశ చెట్టును తీసుకున్నాను. దీని శాస్త్రీయ నామం క్లైస్టాంథస్ కొలైనస్. ఇది విషపు చెట్టు. దీని ఆకు కషాయం తాగితే రక్తంలో పొటాషియం పడిపోయి, మూత్రపిండాలు ఆమ్లాన్ని బయటికి పంపలేక, గుండె లయ తప్పి మనుషులు చనిపోతారు. విరుగుడు మందు లేదు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ప్రయోగశాల గోడల లోపలి పని. ఇంట్లో కాచి తాగేదీ, రోగికి ఇచ్చేదీ ఇందులో ఏమీ లేదు.

## 1. అడవిలోకి వెళ్ళే ముందు కాగితాలు

ఈ మెట్టు ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ దీన్ని దాటేసిన ప్రాజెక్టు రెండేళ్ళ తర్వాత పత్రిక సంపాదకుడి దగ్గరో పేటెంటు దగ్గరో ఆగిపోతుంది.

రిజర్వు ఫారెస్టులో ఆకు కోయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. మామూలుగా డీఎఫ్‌వో ఆఫీసు నుంచి మొదలవుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యాల్లో అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, దస్త్రం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దాకా వెళ్ళాలి. అదే చెట్టు అభయారణ్యం బయట దొరుకుతుంటే అక్కడే కోసుకోండి. నెలలు మిగులుతాయి.

రెండోది 2002 నాటి జీవవైవిధ్య చట్టం. 2023లో దాన్ని సవరించారు. విదేశీ ప్రయోగశాలతో కలిసి పనిచేయాలన్నా, పేటెంటు ఆలోచన ఉన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలు ముందే చదువుకోండి. ‘కొంచెం సారమే కదా, కొరియర్‌లో పంపితే ఏమవుతుంది’ అనుకోవద్దు.

చెంచులో, కోయలో, కొండరెడ్లో చెప్పిన వాడకం ఆధారంగా చెట్టును ఎంచుకుంటే వాళ్ళ అంగీకారం రాతలో ఉండాలి. ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి చెప్పండి. ఎవరి దగ్గర తెలుసుకున్నారో మీ నోటు పుస్తకంలో తేదీతో సహా ఉండాలి.

బయలుదేరే ముందు చూసుకోండి:

☐ అటవీ అనుమతి పత్రం: అందులో చెట్టు పేరు, కోసే బరువు, రేంజి పేరు ఉన్నాయా?
☐ జీవవైవిధ్య నిబంధనలపై మీ కళాశాల పరిశోధన విభాగం రాతపూర్వక మాట
☐ ఎర్రచందనం జోలికి పోవడం లేదు కదా? దాని ఆకు తెచ్చినా చెక్‌పోస్టులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది

## 2. చెట్టును ఎంచుకోవడం

మూడు దారులున్నాయి. జనం వాడకాన్ని బట్టి, చెట్టు కుటుంబాన్ని బట్టి, లేదా కంటికి కనిపించినదాన్ని బట్టి. మూడోదానికి నా ఓటు లేదు.

జనం వాడకం అంటే ‘క్యాన్సర్‌కు వాడతారు’ అనే మాట కోసం వెతకడం కాదు. పల్లెలో చాలా క్యాన్సర్లను పేరుపెట్టి గుర్తించేవాళ్ళు లేరు. మానని పుండు, గడ్డ, చేపల్ని మత్తెక్కించే ఆకు, పశువులు ముట్టని ఆకు: ఇవి మంచి ఆనవాళ్ళు. విషం ఉన్నచోట కణం మీద పనిచేసే పదార్థం ఉండే అవకాశం ఎక్కువ. కొడిశను ఎంచుకోవడానికి కారణం అదే. మేకలు కూడా వాసన చూసి వదిలేస్తాయి.

ఎంచుకున్నాక ఒక వారం పాటు అచ్చయిన పత్రాలు చదవండి. కొడిశ గురించి చదివితే క్లైస్టాంథిన్-ఏ, క్లైస్టాంథిన్-బీ, డైఫిలిన్, కొలైనూసిన్ పేర్లు వెంటనే తగులుతాయి. అంటే ‘కొడిశ ఆకులో క్యాన్సర్ కణాలను చంపే పదార్థం ఉందా’ అనే ప్రశ్నకు జవాబు వచ్చేసింది. మీ ప్రశ్న మార్చుకోవాలి: తెలిసిన ఈ నాలుగూ కాక ఇంకేమైనా ఉందా? ఏ కాలపు ఆకులో ఎక్కువ? ఏ కణాల మీద ఎంపికగా పనిచేస్తోంది?

## 3. పేరు తేల్చుకోవడం

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడతాను.

కొడిశ వేరు, కొడిశపాల వేరు. కొడిశపాలనే పాలకొడిశ అని కూడా అంటారు. అది హోలరీనా జాతి, నెత్తురు విరేచనాలకు బెరడు వాడే చెట్టు. పేరులో ఒక్క ‘పాల’ తేడా. ఒకటి మందు, ఇంకొకటి ప్రాణం తీసేది. ఎండిన ఆకుల సంచీ మీద ‘కొడిశ’ అని మాత్రమే రాసి ఉంటే లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు.

నల్లమలలో మాకు దారి చూపిన ఓ చెంచు పెద్దాయన దగ్గర దీన్ని నేర్చుకున్నాను. “ఇది కొడిశేనా తాతా?” అంటే, మాట్లాడకుండా ఒక ఆకు కాడ దగ్గర తుంచి నా వేలి మీద రుద్దాడు. “పాలు కారిందా సారూ? కారలే. పాలకొడిశయితే కారతది. ఇప్పుడు చెయ్యి కడుక్కో, నోట్లో పెట్టుకునేవు.” వృక్షశాస్త్రం పుస్తకం కూడా అదే చెబుతుంది: హోలరీనాకు పాలు ఉంటాయి, ఆకులు ఎదురెదురుగా వస్తాయి. క్లైస్టాంథస్‌కు పాలు ఉండవు, ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి.

నా సొంత పొరపాటు మద్ది దగ్గర జరిగింది. కూలీకి ‘మద్ది ఆకు’ అని చెప్పి పంపాను. నాకు కావలసింది తెల్లమద్ది. అతను తెచ్చింది నల్లమద్ది. బెరడు చూసి ఉంటే చిన్నపిల్లాడైనా చెప్పేవాడు, తెల్లమద్దిది నున్నగా పాలిపోయి ఉంటుంది, నల్లమద్దిది మొసలి తోలులా పగుళ్ళు. కానీ నా బల్ల మీదికి వచ్చింది ఆకులే, అవీ ఎండినవి. నాలుగు నెలల పని పోయింది. సారం బాగానే పనిచేసింది, అదింకా బాధ.

అందుకే పద్ధతి ఇది:

ఆకు కోసే రోజే, అదే చెట్టు నుంచి పూత లేదా కాయ ఉన్న కొమ్మను హెర్బేరియం (ఎండు మొక్కల భాండాగారం) కోసం నొక్కి పెట్టండి. పూత లేకపోతే చెట్టుకు గుర్తు కట్టి, పూత కాలంలో మళ్ళీ వెళ్ళండి. కనీసం మూడు ప్రతులు చేయండి.

ప్రతిని నిపుణుడి చేత తేల్పించి నంబరు వేయించండి. ఈ నంబరు పడిన ప్రతినే వోచరు అంటారు. హైదరాబాదులో భారత వృక్ష సర్వేక్షణ సంస్థ (బీఎస్ఐ) దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల హెర్బేరియాలున్నాయి. ‘మా హెచ్‌వోడీ గారు చూసి చెప్పారు’ అన్నది వోచరు కాదు.

శాస్త్రీయ నామం ప్రస్తుతం చెల్లుతుందో లేదో లండన్ క్యూ ఉద్యానవనం వారి జాబితాలో సరిచూసుకోండి. పాత పుస్తకాల్లో కొడిశ యుఫోర్బియేసీ కుటుంబంలో ఉంటుంది. ఇప్పుడు అది ఫిలాంథేసీ.

## 4. ఆకు కోయడం

ముదురు ఆకునే కోయండి, లేతవీ పండినవీ కలపవద్దు. వాటి రసాయనాలు వేరు.

ఒక్క చెట్టును బోడి చేయవద్దు. ఐదారు చెట్ల నుంచి కొంచెం కొంచెంగా కోసి, ఏ చెట్టు ఆకు ఆ సంచీలోనే పెట్టండి. తర్వాత కలపాలంటే కలుపుకోవచ్చు, కలిపాక విడదీయలేరు.

పత్తి, మిరప చేలను ఆనుకున్న అడవి అంచున కోయకండి. గాలికి కొట్టుకొచ్చిన పురుగుమందు కణాలను చంపితే ఆ ఘనత ఆకుకు పోతుంది.

సంచీ గుడ్డదో కాగితందో అయి ఉండాలి. ప్లాస్టిక్ సంచీలో పచ్చి ఆకు సాయంత్రానికి ఉడికిపోతుంది. చీటీ మీద తేదీ, జీపీఎస్ గుర్తు, చెట్టు నంబరు, కోసినవాళ్ళ పేరు పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా తడికి కారుతుంది.

ఎంత కోయాలి? లెక్క వెనక నుంచి వేసుకోవాలి. శుద్ధమైన పదార్థం నిర్మాణం తేల్చడానికి 10 మిల్లీగ్రాములు కావాలనుకుందాం. అది ఎండు ఆకులో 0.02 శాతం ఉందనుకుంటే, 50 గ్రాముల పొడిలో ఆ 10 మిల్లీగ్రాములు ఉంటాయి. కానీ విడగొట్టే దారిలో ఐదింట నాలుగు వంతులు పోతుంది. అంటే 250 గ్రాములు. తప్పులకు, పునఃపరీక్షకు కలిపి అర కిలో ఎండు పొడి పెట్టుకోండి. అందుకు కిలోన్నర దాకా పచ్చి ఆకు పడుతుంది.

## 5. ఆరబెట్టడం, పొడి కొట్టడం

నీడలో, గాలి ఆడేచోట, ఒకే పొరగా పరచి రోజుకు రెండుసార్లు తిరగేయండి. వారం నుంచి పది రోజులు. పిడికిట్లో నలిపితే గలగలమని విరగాలి, మెత్తగా మడతపడితే తడి ఉన్నట్టే. వానాకాలంలో 40 డిగ్రీలు దాటని ఓవెన్ వాడండి.

బూజు చుక్క కనిపించిన ఆకును మొహమాటం లేకుండా పారేయండి. కొన్ని బూజులు కణవిషాలు తయారుచేస్తాయి. వాటిని ఆకు ఖాతాలో వేసుకోవద్దు.

కొడిశను పొడి కొట్టేటప్పుడు చేతి తొడుగు, ముక్కుకు మాస్కు, కళ్ళద్దాలు తప్పవు. మిక్సీ ప్రయోగశాలకే కేటాయించాలి, మళ్ళీ వంటింటికి వెళ్ళకూడదు. ఆపి ఆపి తిప్పండి, మిక్సీ జార్ వేడెక్కితే ఆకూ వేడెక్కుతుంది.

## 6. సారం తీయడం

100 గ్రాముల పొడికి ఒక లీటరు మిథనాల్ పోసి, 24 గంటలు నానబెట్టి, మధ్యమధ్య కదిలించండి. పలచటి గుడ్డతో, తర్వాత వడపోత కాగితంతో వడకట్టండి. అదే పొడితో ఇంకో రెండుసార్లు. మూడూ కలిపి రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల లోపు ఆవిరి చేయండి.

సాక్స్‌లెట్ (ద్రావణిని మరిగిస్తూ మళ్ళీ మళ్ళీ పొడి మీదుగా పంపే పరికరం) తొందరగా అవుతుందని చాలామంది వాడతారు. మొదటిసారి వద్దు. గంటల తరబడి మరిగితే సున్నితమైనవి విరిగిపోతాయి, దొరికింది ఆకులో పుట్టిందో ఫ్లాస్కులో పుట్టిందో తెలియదు.

మిథనాల్ మండుతుంది, ఆవిరి పీలిస్తే విషం. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద తప్ప తీయవద్దు.

ఎక్కువమంది చేయని పని ఒకటి చెబుతాను. పొడి వేయకుండా, అదే మూడు లీటర్ల మిథనాల్‌ను అదే వడపోత, అదే ఫ్లాస్కు గుండా పంపి ఆవిరి చేసి, అడుగున మిగిలింది తూచండి. ఆ అంకె చూస్తే కళ్ళు తిరుగుతాయి. ప్లాస్టిక్ డబ్బాలు, గొట్టాల నుంచి వచ్చే థాలేట్లు అందులో ఉంటాయి. ఈ ఖాళీ సారాన్ని కూడా కణాల మీద వేయాలి. ఆకు సారం పక్కన అదీ ఒక వరుస.

చివరి తడి వ్యాక్యూమ్ డెసికేటర్‌లో పోయాక తూచి, దిగుబడి శాతం రాసుకుని, ముదురు రంగు గాజు సీసాలో మైనస్ 20లో దాచండి.

## 7. ఆకుపచ్చను, టానిన్‌ను ముందే తీసేయండి

వేరు, బెరడు పనిలో లేని తలనొప్పి ఆకు పనిలో ఇది. ఆకు సారంలో క్లోరోఫిల్, దాని ముక్కలు తప్పకుండా ఉంటాయి.

ఆ ముక్కల్లో ఫియోఫోర్బైడ్-ఏ అనేది ఒకటి. వెలుతురు తగిలితే అది కణాలను చంపుతుంది. ఎన్నో ఆకుల్లో ‘క్యాన్సర్ పదార్థం’ అని వెంటపడితే చివరికి తేలింది ఇదే. దీన్ని పట్టుకోవడానికి ఒకే సారాన్ని కణాలు పెంచిన రెండు ప్లేట్లలో వేయండి. ఒకటి రేకు కాగితంలో చుట్టి చీకట్లో, ఇంకొకటి కాసేపు ట్యూబులైటు కింద. వెలుతురు ప్లేటులోనే కణాలు చస్తే సంగతి తెలిసిపోయినట్టే.

టానిన్ ఇంకో రకం. ప్రొటీన్ కనబడితే అంటుకుంటుంది. ఏ ఎంజైముతో పరీక్షించినా ‘ఆపేసింది’ అని వస్తుంది. నల్లమద్ది, తెల్లమద్ది, కరక్కాయ కుటుంబమంతా టానిన్ మయం. చిటికెడు సారం నీళ్ళలో కలిపి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే నల్లటి నీలమో ముదురు ఆకుపచ్చో వస్తే ఫినాల్ జాతి పదార్థాలు దండిగా ఉన్నట్టు. టానిన్‌ను ముందుగా అనుమానించండి.

తీసే వరుస:

1) సారాన్ని 90 శాతం మిథనాల్‌లో కరిగించి, సపరేటింగ్ ఫన్నెల్‌లో హెక్సేన్‌తో మూడుసార్లు కడగండి. మైనం, కొవ్వు, ఆకుపచ్చలో పెద్ద భాగం పైపొరలోకి పోతాయి.
2) కింది పొరలో మిథనాల్ చాలావరకు ఆవిరి చేసి, నీళ్ళు కలిపి, క్లోరోఫామ్‌తో మూడుసార్లు.
3) తర్వాత ఇథైల్ అసిటేట్‌తో మూడుసార్లు.
4) మిగిలిన నీటి పొరను విడిగా ఎండబెట్టండి. టానిన్ ఎక్కువగా ఇక్కడా, కొంత ఇథైల్ అసిటేట్‌లోనూ ఉంటుంది. ఆ రెంటినీ పాలీఅమైడ్ అనే పొడి మీదుగా పంపితే టానిన్ అక్కడే అంటుకుని మిగతాది దిగుతుంది.

పొరలు విడిపోకుండా చిలికిన మజ్జిగలా కలిసిపోతే కంగారుపడి ఊపవద్దు. చిటికెడు ఉప్పు వేసి ఓ గంట వదిలేయండి.

ప్రతి పొరనూ తూచండి. నాలుగూ కూడితే మొదట తీసుకున్న సారం బరువుకు దగ్గరగా రావాలి.

## 8. కణాల మీద పరీక్ష

కణాలు ఎక్కడివి? పక్క ల్యాబులో స్నేహితుడిని అడిగి తెచ్చుకున్న ఫ్లాస్కుతో మొదలుపెట్టవద్దు. పుణేలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం భాండాగారం నుంచి తెప్పించుకోండి. హెప్-2, కేబీ, చాంగ్ లివర్ అనే పేర్లతో చలామణీ అయినవన్నీ నిజానికి హీలా కణాలేనని తేలింది. హెప్-2 వాడి గొంతు క్యాన్సర్ మీద పరీక్షించామని రాసినవాళ్ళు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల మీద పరీక్షించారన్నమాట. మైకోప్లాస్మా (పెంచే కణాలకు పట్టే సూక్ష్మ బాక్టీరియా) పరీక్ష నెలకోసారి.

కనీసం మూడు రకాలు పెట్టుకోండి: ఎంసీఎఫ్-7 (రొమ్ము), హీలా (గర్భాశయ ముఖద్వారం), ఏ549 (ఊపిరితిత్తులు) లాంటివాటిలో రెండు క్యాన్సర్ రకాలు, ఒక మామూలు కణం. హెచ్ఈకే-293ను మామూలు కణం అంటారు కానీ అది చావు లేకుండా మార్చిన కణం. చర్మపు ఫైబ్రోబ్లాస్టులు దొరికితే అవి మేలు.

సారం సిద్ధం చేసుకోవడం: డీఎంఎస్‌వో అనే ద్రావణి మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల సారం. దీన్నుంచి పరీక్ష ప్లేటు గుంటలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు చేరేలా వేస్తే డీఎంఎస్‌వో 0.2 శాతమే అవుతుంది. 0.5 దాటితే డీఎంఎస్‌వోయే కణాలను ఇబ్బంది పెడుతుంది. వడపోయాలంటే నైలాన్ లేదా పీటీఎఫ్ఈ వడపోతే వాడండి, మామూలు సెల్యులోజ్ రకాలను డీఎంఎస్‌వో కరిగించేస్తుంది.

మాధ్యమంలో కలిపాక మైక్రోస్కోపు కింద చూడండి. ముళ్ళలాగా స్ఫటికాలో, గోధుమ రంగు తరకలో తేలితే మీరు వేసిన మోతాదు కాగితం మీదే ఉంది, కణాలకు అందలేదు.

ప్లేటు వేయడం: 96 గుంటల ప్లేటులో గుంటకు సుమారు 5,000 కణాలు, 24 గంటలు అతుక్కోనివ్వండి. అంచు గుంటలు ఎండిపోతాయి, వాటిలో బఫర్ (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) పోసి లోపలివే వాడండి. మోతాదులు 100, 50, 25, 12.5, 6.25, 3.125 మైక్రోగ్రాములు. 72 గంటలు ఉంచండి.

ప్రతి ప్లేటులోనూ ఉండాల్సినవి:

☐ కణాలు మాత్రమే
☐ కణాలు + డీఎంఎస్‌వో
☐ కణాలు + డాక్సోరూబిసిన్ లేదా క్యాంప్టోథెసిన్ (కణాలను చంపుతాయని ముందే తెలిసినవి)
☐ కణాలు + ఖాళీ సారం (మెట్టు 6)
☐ కణాలు లేకుండా, సారం మాత్రమే, ప్రతి మోతాదులోనూ

చివరి గీటు ఎందుకో చెబుతాను. ఎంటీటీ అనే పసుపు రంగుతో చేసే పరీక్షలో బతికిన కణం ఆ పసుపును ఊదాగా మారుస్తుంది. ఊదా ఎంత ఎక్కువైతే అంత మంది బతికినట్టు. ఓసారి ఒక విద్యార్థిని ప్లేటు తెచ్చి “సార్, మోతాదు పెంచేకొద్దీ కణాలు పెరుగుతున్నాయి” అంది. మైక్రోస్కోపులో చూస్తే కణాలన్నీ గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి, ఒక్కటీ బతికి లేదు. “అసలు కణాలు వేయని గుంటలు చూశావామ్మా?” అని అడిగాను. అవి అన్నిటికన్నా ఊదాగా ఉన్నాయి. ఆకులోని ఫినాల్ పదార్థాలే ఎంటీటీని ఊదా చేశాయి, కణాలతో పని లేకుండా.

దీనికి రెండు మందులు. ఎంటీటీ వేసే ముందు సారం ఉన్న మాధ్యమాన్ని తీసేసి బఫర్‌తో కడగడం ఒకటి. ఆకు సారాలకు ఎంటీటీని మానేసి, ప్రొటీనుకు అంటుకునే ఎస్ఆర్‌బీ రంగు వాడడం రెండోది, నా ఓటు దీనికే. చల్లటి ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో (చివరికి 10 శాతం) 4 డిగ్రీల దగ్గర గంటసేపు కణాలను అతికించి, నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 0.4 శాతం ఎస్ఆర్‌బీ రంగు పట్టించి, అదే ఆమ్లంతో కడిగి, 10 మిల్లీమోలార్ ట్రిస్‌లో రంగు కరిగించి చదవండి. మిగిలిన కణాల ప్రొటీనును ఇది కొలుస్తుంది, సారంలోని ఫినాల్ పదార్థాలకు ఎంటీటీలాగా మోసపోదు.

## 9. అంకెలు ఏం చెబుతున్నాయి

కణాల పెరుగుదలను సగానికి తగ్గించే మోతాదు ఐసీ50. ముడి సారానికి మిల్లీలీటరుకు 20–30 మైక్రోగ్రాముల లోపు వస్తే ముందుకు వెళ్ళదగింది. శుద్ధ పదార్థానికి 4 మైక్రోగ్రాముల లోపు అనే గీత చాలామంది పాటిస్తారు. 200, 300 వచ్చిన ముడి సారాన్ని ‘గణనీయమైన చర్య’ అని రాయకండి.

మామూలు కణం ఐసీ50ని క్యాన్సర్ కణం ఐసీ50తో భాగిస్తే ఎంపిక సూచీ వస్తుంది. ఒకటి దగ్గర ఉంటే అది అన్నిటినీ చంపే విషం. మూడు దాటితే మాట్లాడుకోవచ్చు.

ఒక ప్లేటులో మూడు గుంటలు వేస్తే అది మూడు ప్రయోగాలు కాదు, ఒక్కటే. వేర్వేరు రోజుల్లో, కొత్తగా కలిపిన సారంతో మూడుసార్లు చేయాలి. డాక్సోరూబిసిన్ అంకె రోజురోజుకూ చెదిరిపోతుంటే తప్పు ఆకులో లేదు, మీ కణాల్లోనో చేతిలోనో ఉంది.

## 10. విడగొట్టే ముందు: ఇది తెలిసినదేనా?

కాలమ్ (పదార్థాలను విడగొట్టే సిలికా గొట్టం) పోసే ముందు ఎల్‌సీ–ఎంఎస్ (పదార్థాలను విడదీసి అణువుల బరువు కొలిచే యంత్రం) తప్పనిసరి. పనిచేసిన పొరను ఒకసారి నడిపి, బరువులు చూడండి.

కొడిశలో పాజిటివ్ మోడ్‌లో 541 కనిపించి, అది విరిగి 381 ఇస్తే క్లైస్టాంథిన్-ఏ ఎదురుగా నిలబడినట్టే. 160 పోయింది, అది రెండు మిథైల్ గుంపులున్న జైలోజు చక్కెర. 543 విరిగి 381 ఇస్తే 162 పోయింది, గ్లూకోజు, అంటే క్లైస్టాంథిన్-బీ. మిగిలిన 381 డైఫిలిన్. ఏ చెట్టు ఆకులోనైనా ఎదురయ్యేవి ఇంకో రెండు: పాజిటివ్‌లో 593 ఫియోఫోర్బైడ్-ఏ కావచ్చు, నెగెటివ్‌లో 455 ఉర్సోలిక్ ఆమ్లమో దాని అన్నదమ్ములో కావచ్చు. బరువు ఒక్కటే చాలదు, విరిగిన ముక్కలు కూడా కలవాలి. జీఎన్‌పీఎస్ అనే ఉచిత వర్ణపట నిల్వతో పోల్చి చూడండి.

పనిచేసేదంతా పాతవాటితోనే సరిపోతే అక్కడే ఆపి ప్రశ్న మార్చుకోండి. క్వెర్సెటిన్‌ను వందోసారి వేరుచేసినందుకు ఎవరూ మెచ్చుకోరు.

## 11. విడగొట్టడం

సిలికా జెల్ కాలమ్, సారం బరువుకు ముప్పై రెట్లు సిలికా, హెక్సేన్ నుంచి ఇథైల్ అసిటేట్ వైపు మెల్లగా పెంచుతూ. దిగినవాటిని పట్టిన గొట్టాలను టీఎల్‌సీ (పలుచటి సిలికా పూసిన పలక) మీద చూసి ఒకేలా ఉన్నవాటిని కలపండి. కొడిశ పనిలో ఒక వెసులుబాటు ఉంది: డైఫిలిన్ జాతి 365 నానోమీటర్ల దీపం కింద నీలంగా మెరుస్తుంది, చుక్క దానంతటదే పిలుస్తుంది.

అదే మెరుపు తర్వాత ముంచుతుంది కూడా. కణ కేంద్రకాలకు హెక్స్ట్, డాపీ లాంటి నీలం రంగులు పట్టించి ‘అపోప్టోసిస్’ (కణం తనంతట తాను చావడం) అని బొమ్మలు తీస్తారు కదా, అక్కడ కనిపించే నీలంలో కొంత మీ పదార్థానిదే కావచ్చు. రంగు వేయని, పదార్థం మాత్రమే వేసిన కణాల బొమ్మ పక్కన పెట్టండి.

ప్రతి విభాగాన్నీ మళ్ళీ కణాల మీద వేసి, పనిచేసినదాన్నే ముందుకు తీసుకెళ్ళాలి. శుద్ధమయ్యాక నిర్మాణం తేల్చే ఎన్ఎంఆర్, కచ్చితమైన బరువు చెప్పే హెచ్ఆర్‌ఎంఎస్‌కు ఐఐటీ మద్రాసు, లక్నో సీడీఆర్ఐ వంటి చోట్ల ఉన్న సైఫ్ కేంద్రాలకు (బయటివాళ్ళ నమూనాలనూ పరీక్షించి పెట్టే పరికరాల కేంద్రాలు) పంపుకోవచ్చు. వరుస పొడుగ్గా ఉంటుంది, ముందే దరఖాస్తు పెట్టండి.

## 12. ఎక్కడో తేడా కొడితే

ముడి సారం పనిచేసింది, విభాగాలేవీ పనిచేయలేదు. అన్నిటినీ మొదటి నిష్పత్తిలో మళ్ళీ కలిపి వేయండి. చర్య తిరిగొస్తే రెండు మూడు పదార్థాలు కలిసి పనిచేస్తున్నాయి. రాకపోతే సిలికా మీద పదార్థం విరిగిపోయింది లేదా అతుక్కుపోయింది. సిలికా బదులు సెఫాడెక్స్ ఎల్‌హెచ్-20 అనే జెల్ ప్రయత్నించండి.

నిరుడు పనిచేసిన సారం ఈసారి పనిచేయలేదు. డీఎంఎస్‌వో సీసాను ఎన్నిసార్లు కరిగించి గడ్డకట్టించారు? చిన్న చిన్న గొట్టాల్లో పంచి, ఒక్కోటి ఒక్కసారే వాడండి. అది కాకపోతే ఆకు కోసిన నెల చూడండి.

నీటి పొర ఒక్కటే బాగా పనిచేస్తోంది. టానిన్. పాలీఅమైడ్ తర్వాత మళ్ళీ వేయండి.

అన్ని కణాలనూ ఒకే మోతాదులో చంపుతోంది. సబ్బు గుణమున్న సాపోనిన్ కావచ్చు. పలచన చేసిన ఎర్ర రక్తకణాల మీద వేసి గంటలో పగులుతున్నాయేమో చూడండి.

చేతి మీద కొడిశ సారం పడింది. సబ్బుతో కడిగి పర్యవేక్షకుడికి చెప్పండి. నోట్లోకి పోయి ఉంటుందని అనుమానం ఉన్నా ఒంట్లో ఏమీ లేదని ఆగవద్దు, పెద్దాసుపత్రికి వెళ్ళి పొటాషియం, ఈసీజీ చూపించుకోండి. చెట్టు పేరు డాక్టరుకు చెప్పండి, వోచరు ఫొటో ఫోనులో ఉంచుకోండి.

## 13. రాసేటప్పుడు

శీర్షికలో ‘క్యాన్సర్ నిరోధక’ అని కాకుండా ‘ఫలానా కణాలపై కణవిష చర్య’ అని రాయండి. ప్లేటులో కణం చావడానికీ మనిషిలో గడ్డ కరగడానికీ మధ్య జంతు పరీక్షలు, విషప్రభావ పరీక్షలు, మనుషుల మీద దశలవారీ పరీక్షలు ఉన్నాయి. స్థానిక విలేకరి ఫోను చేసి “క్యాన్సర్‌కు మన అడవిలో మందు దొరికిందట కదండీ” అంటే, చెట్టు పేరు చెప్పకండి. కొడిశ విషయంలో ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు. మరుసటి రోజు ఎవరో ఒకరు ఆకు కోసుకొచ్చి కాచుకుంటారు.

పంపే ముందు చివరి చూపు:

☐ వోచరు నంబరు, హెర్బేరియం పేరు
☐ అనుమతి పత్రాల నంబర్లు
☐ కోసిన నెల, చోటు, ఆకు వయసు
☐ సారం దిగుబడి, ద్రావణి, నిష్పత్తి
☐ కణాలు ఎక్కడివి, ఎప్పుడు పరీక్షించారు
☐ కణాలు లేని గుంటల, ఖాళీ సారం అంకెలు అనుబంధంలో
☐ ఎల్‌సీ–ఎంఎస్ బొమ్మ
☐ పనిచేయని చెట్ల పట్టిక కూడా

మిగిలిన పొడిలో 50 గ్రాములు వోచరు నంబరుతో మూత బిగించి ఐదేళ్ళు దాచండి, కొడిశదైతే తాళం వేసిన బీరువాలో, ‘విషం’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి. ల్యాబు ఊడ్చే ఆమెకు బొటానికల్ పేరు చదవడం రాదు.